ఇంటిపేరు దొరకని చెట్టు

పెరూ దేశంలో ఆండీస్ కొండలు దిగి అమెజాన్ అడవిలో కలిసే చోట మను జాతీయ ఉద్యానం ఉంది. 1973లో అమెరికా వృక్షశాస్త్రవేత్త రాబిన్ ఫోస్టర్ అక్కడి పరిశోధన కేంద్రం నుంచి అడవిలోకి పోయే కాలిబాట మీద నడుస్తున్నారు. బాట పక్కన ఒక చిన్న చెట్టు కనబడింది. ఎత్తు ఇరవై అడుగుల లోపే. దాని కాయలు చూసి ఆయన ఆగిపోయారు. ఒక్కొక్కటి బుల్లి కాగితపు లాంతరులా ఉంది. నారింజ రంగు. ముగ్గిన కాయలో రసం, ఆ రసంలో కొన్ని గింజలు.

ఫోస్టర్ మామూలుగా చెట్టును ఒక్కసారి చూసి అది ఏ కుటుంబానిదో చెప్పేయగలరు. ఈ చెట్టు దగ్గర ఆ చూపు పనిచేయలేదు. ఒక లక్షణం చూస్తే ఒక కుటుంబం అనిపిస్తుంది, ఇంకో లక్షణం చూస్తే మరో కుటుంబం అనిపిస్తుంది. కొమ్మ కోసి, కాగితాల మధ్య అదిమి, ఎండబెట్టి వెంట తీసుకెళ్లారు. ఆ చెట్టుకు శాస్త్రీయ నామం వచ్చింది 2021లో. అప్పటికి 48 ఏళ్లు గడిచాయి.

ఒక చెట్టు పేరు తేల్చడానికి అర్ధశతాబ్దం ఎందుకు పట్టింది? అడవిలో తెలియని మొక్కను పోల్చుకోవడమంటే అసలు ఏం చేయాలో తెలిస్తేనే ఈ ప్రశ్నకు జవాబు అందుతుంది.

తెలియని మొక్క కనబడగానే మనం అడిగేది "దీని పేరేంటి?" అని. వృక్షశాస్త్రవేత్తకు ముందు కావలసింది పేరు కాదు, ఇల్లు. పెళ్లిలో ముఖపరిచయం లేని కుర్రాడు ఎదురైతే మన పెద్దవాళ్లు "ఎవరి తాలూకు నాయనా?" అంటారు చూడండి, అచ్చం అదే ప్రశ్న. ఇల్లు తెలిస్తే మనిషిని పోల్చుకోవడం సులువు. పూలు పూసే మొక్కలు ప్రపంచంలో మూడు లక్షలకు పైనే ఉన్నాయి. కుటుంబాలు మాత్రం 2016 వర్గీకరణ ప్రకారం 416. కుటుంబం తేలిందంటే లక్షల నుంచి వందల్లోకో వేలల్లోకో దిగినట్టే. కుటుంబం లోపల ప్రజాతి, ప్రజాతి లోపల జాతి. మామిడి శాస్త్రీయ నామం మాంజిఫెరా ఇండికా. మాంజిఫెరా ప్రజాతి, ఇండికా జాతి. తెలుగువాళ్లకు ఈ పద్ధతి విడమరచి చెప్పక్కర్లేదు. మన పేర్లలోనూ ఇంటిపేరు ముందు, సొంత పేరు తరువాత.

మన ఊళ్లో అయితే ఇదంతా అక్కర్లేదు. చెరువుగట్టు మీద తుమ్మ, వేప, చింత, రావి, కానుగ. దూరం నుంచే తెలిసిపోతాయి. వానలు ఆగని ఉష్ణమండల అడవిలో లెక్క వేరు. ఈక్వడార్‌లోని యసుని ఉద్యానంలో శాస్త్రవేత్తలు 25 హెక్టార్లు, అంటే మన లెక్కలో అరవై ఎకరాల పైచిలుకు నేల, గీత గీసి అందులోని ప్రతి చెట్టునూ లెక్కపెట్టారు. చిటికెన వేలంత సన్నని మొక్క నుంచి మహావృక్షం దాకా 1,100కు మించిన జాతులు తేలాయి. పనామాలోని బారో కొలరాడో దీవిలో 50 హెక్టార్లలో సుమారు 300 జాతులు ఉన్నాయి. ఆ దీవిలో లెక్కింపును 1980 ప్రాంతంలో మరో శాస్త్రవేత్త స్టీఫెన్ హబ్బెల్‌తో కలిసి మొదలుపెట్టింది ఈ రాబిన్ ఫోస్టరే. ఇలాంటి అడవిలో ఒక చెట్టును చూసి, పోలికకు అదే జాతి చెట్టు ఇంకొకటి కావాలంటే చాలా దూరం నడవాల్సి రావచ్చు.

పైగా ఆకులన్నీ అక్కచెల్లెళ్లలా ఉంటాయి. కోలగా, దళసరిగా, నున్నగా, కొస సాగదీసినట్టు ఉంటాయి. రావి ఆకు కొస ఎలా తోకలా సాగి ఉంటుందో గుర్తు తెచ్చుకోండి. వాన నీరు ఆకు మీద నిలవకుండా జారిపోవడానికి అనువైన కొస అది. నిత్యం తడిసే అడవిలో ఎన్నో కుటుంబాల మొక్కలు ఎవరికి వారే ఆ కొసను తెచ్చుకున్నాయి. అందుకే ఆకు ఆకారం చూసి మోసపోయినవాళ్లే ఎక్కువ.

పువ్వు చూడవచ్చు కదా అంటారు. కార్ల్ లిన్నేయస్ 18వ శతాబ్దంలో కేసరాలు లెక్కపెట్టి మొక్కలను విభజించిన నాటి నుంచి వృక్షశాస్త్ర గ్రంథాలన్నీ పువ్వునే నమ్ముకున్నాయి. పువ్వు నమ్మదగిన సాక్షే. కానీ ఆ సాక్షి వంద అడుగుల ఎత్తున కూర్చుని ఉంటుంది. ఏడాదిలో కొద్ది రోజులే కనబడుతుంది, కొన్ని జాతుల్లో ఏళ్ల తరబడి కనబడదు. మనం వెళ్లిన రోజున చేతికి అందేది ఆకులున్న చిన్న కొమ్మ ఒక్కటే.

ఆ కొమ్మనే చదవవచ్చని పట్టుపట్టి చూపించినవాడు వృక్షశాస్త్రవేత్త ఆల్విన్ జెంట్రీ. వాయవ్య దక్షిణ అమెరికాలోని చెట్ల కుటుంబాలను, ప్రజాతులను పువ్వు లేకుండా పోల్చుకునే పుస్తకం ఒకటి 1993లో తెచ్చాడు. అదే ఏడాది ఆగస్టులో ఈక్వడార్ అడవుల మీద సర్వే చేస్తుండగా చిన్న విమానం కూలి చనిపోయాడు. ఇప్పటికీ అమెజాన్‌కు వెళ్లే విద్యార్థుల సంచిలో ఆ పుస్తకం ఉంటుంది. మన దేశంలోనూ ఇటువంటి పని ముందే జరిగింది. పుదుచ్చేరిలోని ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్ నుంచి పాస్కల్, రమేశ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పశ్చిమ కనుమల సతతహరిత అడవుల చెట్లకు, పెద్ద తీగలకు 1987లో ఒక గుర్తింపు సూచిక రాశారు. అదీ ముఖ్యంగా ఆకు, కొమ్మ, బెరడు, పాలు చూసి నడిచే దారే.

కొమ్మను చదవడం నేర్చుకోవడానికి అమెజాన్ దాకా వెళ్లనక్కర్లేదు. వంటింట్లోకి వెళ్లి ఒక కరివేపాకు రెమ్మ తీసుకోండి. మనం దాన్ని రెమ్మ అంటాం, దానికున్న చిన్న చిన్న వాటిని ఆకులంటాం. వృక్షశాస్త్రం ప్రకారం రెమ్మ మొత్తం కలిపి ఒకే ఆకు. చిన్నవి ఆ ఆకులోని పత్రకాలు. ఎలా తెలుస్తుంది? పెరట్లో చెట్టు ఉంటే దగ్గరికి వెళ్లి చూడండి. రెమ్మ కొమ్మకు అతుక్కున్న చోట, ఆ మూలలో, ఆవగింజంత మొగ్గ ఉంటుంది. చిన్న ఆకుల మొదట్లో ఎక్కడా ఉండదు. మొగ్గ ఎక్కడ ఉందో ఆకు అక్కడ మొదలైనట్టు. ఇది ఎప్పుడూ తప్పని గుర్తు. మునగలో అయితే మూరెడు మండ అంతా ఒక్క ఆకే. అడవిలో తెలియని కొమ్మ చేతికి రాగానే మొదట చూసేది ఇదే. ఆకు ఒంటిదా, పత్రకాలుగా చీలిందా? ఈ ఒక్క ప్రశ్నతో ఎన్నో కుటుంబాలు పక్కకు తప్పుకుంటాయి.

రెండో ప్రశ్న, ఆకులు కొమ్మ మీద ఎలా కూర్చున్నాయి? జామలో, టేకులో, జిల్లేడులో ఒక కణుపు దగ్గర రెండు ఆకులు ఎదురెదురుగా ఉంటాయి. మామిడిలో, మర్రిలో ఒకటి విడిచి ఒకటి. ఆకులు ఎదురెదురుగా ఉంటే ఆ రెండు తొడిమల నడుమ కణుపు మీద ఏముందో వేలితో తడిమి చూడాలి. నూరువరహాల కొమ్మలో ఈ చోట చిన్న త్రికోణపు పొలుసు తగులుతుంది. అరకు కాఫీ మొక్కలోనూ అంతే. ఎదురెదురు ఆకులు, మధ్యలో పొలుసు ఉన్నాయంటే కాఫీ కుటుంబమని దాదాపు కళ్లు మూసుకుని చెప్పవచ్చు. ప్రపంచంలో 13 వేలకు పైగా జాతులున్న కుటుంబం అది. వానల అడవిలో అడుగడుగునా ఎదురవుతుంది. అంత పెద్ద ఇంటిని అంత చిన్న పొలుసు పట్టిస్తుంది. ఈ విద్యలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి ఇదే.

ఇప్పుడు ఒక నిమ్మ ఆకు తీసుకుని కిటికీలోంచి వచ్చే వెలుతురుకు ఎదురుగా పట్టండి. సూదితో పొడిచినట్టు సన్నని వెలుగు చుక్కలు కనబడతాయి. అవి నూనె తిత్తులు. ఆకు నలిపితే వచ్చే వాసన వాటిలోదే. కరివేపాకు, మారేడు, వెలగ, బత్తాయి అన్నీ ఈ ఇంటివే. జామ ఆకులోనూ నేరేడు ఆకులోనూ చుక్కలుంటాయి. కానీ వాటి ఆకులు ఎదురెదురుగా ఉంటాయి కాబట్టి ఆ ఇల్లు వేరని తెలుస్తుంది. ఇలా ఒక గుర్తును ఇంకో గుర్తుతో సరిచూసుకుంటూ పోవాలి. ఒక్క గుర్తును నమ్ముకుంటే దారి తప్పుతాం.

ఆకు తుంచితే పాలు కారాయా? రంగు ఏమిటి? మర్రి, మేడి, పనసలో తెల్లని పాలు వస్తాయి, కొమ్మ కొసన మొగ్గ మీద మొనదేలిన టోపీ ఉంటుంది, టోపీ రాలితే కణుపు మీద గుండ్రని గీత మిగులుతుంది. జాజికాయ కుటుంబంలో బెరడు గీరితే నెత్తురులాంటి ఎర్రని ద్రవం ఊరుతుంది. పాలు నల్లబడితే మాత్రం జాగ్రత్త. మామిడికాయ తొడిమ దగ్గర కారే జీడి మూతికి తగిలితే పుండు పడటం మనకు తెలుసు. అదే కుటుంబంలోని నల్లజీడి రసంతో ఒకప్పుడు చాకళ్లు బట్టలకు గుర్తు పెట్టేవారు. పశ్చిమ కనుమల్లోని హోలిగార్నా చెట్లూ ఆ ఇంటివే. వాటి జీడి ఒంటికి తగిలితే బొబ్బలెక్కుతుంది. కాబట్టి తెలియని చెట్టు పాలు చర్మం మీద పడనివ్వకూడదు. తెలియని కాయను నాలుక కొసకు కూడా తగలనివ్వకూడదు. రుచి చూసి పోల్చుకోవచ్చనే సలహా ఎవరిచ్చినా వినకండి.

ఇన్ని గుర్తులున్నా చిక్కులు తప్పవు. లేత మొక్క ఆకు ఒకలా, పెద్ద చెట్టు ఆకు ఇంకోలా ఉంటుంది. పనస పిలక ఆకులు వేళ్లలా చీలి ఉంటాయి, ముదిరిన చెట్టు ఆకులో ఆ చీలికే కనబడదు. ఒకే చెట్టుకు నీడలో ఉన్న ఆకు వెడల్పుగా, ఎండలో ఉన్న ఆకు చిన్నగా దళసరిగా ఉంటుంది. మను అడవిలో ఫోస్టర్‌కు ఎదురైనది ఇంతకన్నా పెద్ద చిక్కు. అక్కడ గుర్తులు దొరక్క కాదు, దొరికిన గుర్తులు ఒకదానితో ఒకటి పొసగక.

అలాంటి కొమ్మ హెర్బేరియం చేరుతుంది. హెర్బేరియం అంటే ఎండిన మొక్కల గ్రంథాలయం. ప్రతి అట్ట మీద ఒక కొమ్మ, మూలన చీటీ. ఆ చీటీ మీద ఎక్కడ, ఎప్పుడు, ఎవరు, ఎంత ఎత్తు చెట్టు, పువ్వు రంగేమిటి అన్న వివరాలుంటాయి. ఎండాక రంగు, వాసన, పాలు పోతాయి కాబట్టి చీటీ లేని కొమ్మకు విలువ లేదు. షికాగోలోని ఫీల్డ్ మ్యూజియంలో ఈ లాంతరు కాయల కొమ్మను ఎందరో నిపుణులు చూశారు. కుటుంబం తేలలేదు. అక్కడి వృక్షశాస్త్రవేత్త నాన్సీ హెన్సోల్డ్ దాన్ని వదలకుండా పట్టుకున్నారు.

ఇది ఒక్క చెట్టు కథే అనుకోకండి. కొత్త జాతులుగా ప్రకటించిన మొక్కలను పరిశీలించి 2010లో ఒక అధ్యయనం వచ్చింది. సేకరించిన ఐదేళ్లలోపు పేరు పొందినవి నూటికి 16 మాత్రమే. నాలుగో వంతు మొక్కల విషయంలో ఆ నమూనాలు యాభై ఏళ్లకు పైబడినవి. అంటే కొత్త జాతులు అడవిలో దొరికినట్టే హెర్బేరియం బీరువాల్లోనూ దొరుకుతున్నాయి. తప్పు పేర్లతో ఉన్నవీ తక్కువేమీ కావు. ఏలకుల కుటుంబంలో అఫ్రమోమం అనే ఆఫ్రికా ప్రజాతి ఉంది. దాని నమూనాలు సుమారు 4,500 చూస్తే, 2014లో సమగ్ర అధ్యయనం పూర్తికాకముందు 58 శాతానికి సరైన పేరు లేదని తేలింది. కొన్నిటికి తప్పు పేరు, కొన్నిటికి చెల్లని పాత పేరు, కొన్నిటికి జాతి పేరే లేదు.

మను చెట్టు విషయంలో మరో అడ్డంకి ఉంది. దాని అసలు ఇల్లు 1973 నాటికి ఇల్లుగా లేదు. పిక్రామ్నియా అనే అమెరికా ఖండపు చేదు మొక్కలను అప్పట్లో సిమరూబేసి కుటుంబంలో కలిపి ఉంచారు. మన పెద్దమాను ఉన్న కుటుంబం అది. 1995లో గానీ వాటిని విడదీసి పిక్రామ్నియేసి అనే కొత్త కుటుంబంగా గుర్తించలేదు. చిన్న కుటుంబం, చూసినవాళ్లు తక్కువ. ఎవరూ తలుపు తట్టని ఇల్లు.

హెన్సోల్డ్ ముందు ఎండిన కొమ్మల నుంచే డీఎన్ఏ తీయించే ప్రయత్నం చేశారు. ఫలించలేదు. పాత నమూనాల్లో డీఎన్ఏ తునాతునకలైపోయి ఉండటం సాధారణం. తాజా ఆకు కావాలి. మను అడవిలో ఏళ్ల తరబడి చెట్లను గమనిస్తూ పనిచేసిన శాస్త్రవేత్త పట్రీసియా ఆల్వరేజ్-లోయజా ఆ చెట్టును మళ్లీ వెతికి పట్టుకున్నారు. ఆమె తెచ్చిన తాజా నమూనాతో ఫీల్డ్ మ్యూజియం ప్రయోగశాలలో రిక్ రీ బృందం డీఎన్ఏ చదివింది. దగ్గరి చుట్టాలు పిక్రామ్నియేసి కుటుంబంలో తేలాయి.

ఆ కుటుంబం గురించి బాగా తెలిసిన పండితుడు న్యూయార్క్ బొటానికల్ గార్డెన్‌లోని వేట్ థామస్. మొదట ఆయన ఈ ఫలితం చూసి ఆశ్చర్యపోయారు. తాను ఎరిగిన పిక్రామ్నియేసి మొక్కలకూ దీనికీ పైకి పోలికే లేదు. అప్పుడు పువ్వులు బయటికి తీసి చూశారు. రెండు మూడు మిల్లీమీటర్లకు మించని పువ్వులు. దగ్గరగా చూసేసరికి ఒక్కొక్క భాగం ఆ కుటుంబపు లెక్కకు సరిపోతూ వచ్చింది. డీఎన్ఏ ఇల్లు చూపించింది, ఆ ఇంటివాళ్ల పోలికలు తెలిసిన మనిషి కంటితో సరిచూసి ఔనన్నాడు. రెండూ కలిస్తేనే గుర్తింపు. డీఎన్ఏ వచ్చింది కదా, ఇక పూలు చూసే పండితులెందుకు అనేవాళ్లకు ఈ చెట్టే జవాబు. డీఎన్ఏ పోల్చడానికి సరైన పేరున్న నమూనా ముందు ఉండాలి. ఆ సరైన పేరు పెట్టేది కంటితో చూడటం తెలిసిన మనిషే.

అది కొత్త జాతి మాత్రమే కాదు, కొత్త ప్రజాతి కూడా. 2021లో టాక్సన్ పత్రికలో దానికి ఎనిగ్మాను ఆల్వరేజియే అని పేరు పెట్టారు. మొదటి మాటకు మను అడవి పొడుపుకథ అని అర్థం. రెండో మాట, చెట్టును మళ్లీ కనిపెట్టిన ఆల్వరేజ్-లోయజా గౌరవార్థం. తెలుగు చెవికి ఆ మొదటి మాట చివర 'మాను' అని వినిపించి 'పొడుపు మాను' అనిపించడం కాకతాళీయమే అయినా ఎంత చక్కగా అతికిందో!

ఇప్పుడు ఫోన్ ఉంది, ప్లాంట్‌నెట్ లాంటి యాప్‌లున్నాయి. పెరటి మొక్కలకు, రోడ్డు పక్క పూలకు అవి ఎంతో ఉపయోగం, వాడమనే చెబుతాను. కానీ యాప్ తనకు ముందే చూపించిన ఫోటోల్లోంచే జవాబు వెతుకుతుంది. వానల అడవిలోని అరుదైన చెట్లకు ఫోటోలు కొద్ది. మను చెట్టు లాంటిదానికి పేరే లేనప్పుడు ఏ యాప్ జాబితాలోనూ అది ఉండే వీలు లేదు. అయినా ఏదో ఒక పేరు తెర మీద చూపిస్తుంది. ఆ పేరును మొదటి ఊహగా తీసుకుని కొమ్మతో సరిచూసుకోవాలి.

పుస్తకాలకూ యాప్‌లకూ ముందే మొక్కలు తెలిసినవాళ్లు ఉన్నారు, అడవిని నమ్ముకుని బతికే జనం. మను అడవుల్లో మచిగెంగా ప్రజలు తరతరాలుగా ఉంటున్నారు. మన దగ్గర 18వ శతాబ్దం చివర వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ సామర్లకోటలో తోట పెట్టుకుని కోస్తా మొక్కలను చిత్రాలు గీయించి వర్ణించినప్పుడు, తెలుగువాళ్లు వాటిని పిలిచే పేర్లూ రాసుకున్నాడు. సోమిద చెట్టు ప్రజాతి నామం సోయ్‌మిడా ఆ తెలుగు పేరు నుంచి వచ్చిందే. ప్రపంచంలో ఏ వృక్షశాస్త్రవేత్త ఆ చెట్టు పేరు పలికినా తెలుగు మాట పలికినట్టే.

మీరు పశ్చిమ కనుమలకో, అండమాన్‌కో వెళ్లి తెలియని మొక్కను చూస్తే పీకకండి, కోయకండి. రక్షిత అడవిలో దానికి అనుమతి కావాలి. ఫోటోలు తీయండి. పువ్వును ఒక్కదాన్నే తీస్తే చాలదు. ఆకులు కొమ్మకు ఎలా అతికాయో, కణుపు దగ్గర ఏముందో, ఆకు వెనక వైపు ఎలా ఉందో, వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే ఎలా కనబడిందో, బెరడు, కింద రాలిన కాయలు అన్నీ తీయండి. కొలత తెలిసేలా పక్కన ఒక రూపాయి బిళ్ల పెట్టండి. చోటు, తేదీ, చెట్టు ఎత్తు, వాసన రాసుకోండి. చివరగా, అక్కడివాళ్లు ఎవరైనా తోడుంటే ఆ మొక్కను ఏమని పిలుస్తారో అడిగి, వాళ్లు పలికినట్టే రాసుకోండి.